నేల కూడా ఒక అమానతే



మన వంటిళ్ళలో బంగాళాదుంప లేని వారం ఉండదు. తెలంగాణలో ఆలుగడ్డ అన్నా, రాయలసీమలో ఉర్లగడ్డ అన్నా, మాంసంతో కలిపి వండినా, రమజాన్ సాయంత్రాల సమోసాలో కూరినా, పిల్లలు పేచీ లేకుండా తినే కూర ఇది. కొనేటప్పుడు ధర అడుగుతాము, పచ్చబడినవీ మొలకెత్తినవీ ఏరి పక్కన పెడతాము. దుంపకు అంటుకున్న మట్టి వంక మాత్రం ఎవరమూ చూడము. కడిగితే పోయేదే కదా అనుకుంటాము. ఈ నెల మా మాటలు ఆ మట్టిని గురించే. ఆ చిటికెడు మట్టి వెనుక లక్షలాది రైతు కుటుంబాల కష్టం ఉంది. అమ్మకందారు నిజాయితీ ఉంది. రేపు అల్లాహ్ ఎదుట చెప్పుకోవలసిన లెక్క ఉంది.

పొలంలో కొన్నిచోట్ల మొక్కలు గిడసబారి పోతాయి. ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. తేమ ఉన్నా మిట్టమధ్యాహ్నం వేళ తలలు వాల్చేస్తాయి. రైతు నీరు చాలలేదనుకుని నీరు పెడతాడు. ఎరువు చాలలేదనుకుని మరో బస్తా చల్లుతాడు. అప్పటికీ తేరుకోకపోతే ఎవరి దిష్టో తగిలిందంటాడు. దిష్టి సత్యమే. అయితే ప్రతి నష్టాన్నీ దాని ఖాతాలో వ్రాసి, అల్లాహ్ ఈ లోకంలో ఏర్పరచిన కారణాలను వెదకకుండా కూర్చోవడం ధర్మం నేర్పిన పద్ధతి కాదు. ఆ మొక్కను జాగ్రత్తగా త్రవ్వి వేళ్ళు చూస్తే చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. దాని పేరు నులిపురుగు.

కంటికి ఆనని శత్రువు

నులిపురుగులన్నీ చెడ్డవి కావు. మట్టిలో కోటానుకోట్ల నులిపురుగులు ఉంటాయి. వాటిలో అనేకం కుళ్ళిన పదార్థాన్నీ సూక్ష్మజీవులనూ తిని నేలను సారవంతం చేసే సేవకులు. కొన్ని జాతులు మాత్రమే మొక్కల వేళ్ళ మీద పడి బ్రతుకుతాయి. బంగాళాదుంపకు వాటిలో రెండు జాతులు మహా శత్రువులు. రెండూ తిత్తి నులిపురుగులే. ఒకదాని ఆడపురుగు ముదిరేటప్పుడు బంగారు రంగులోకి తిరుగుతుంది కనుక దానిని బంగారు నులిపురుగు అన్నారు. రెండవది తెల్లగా, పాలమీగడ రంగులో ఉంటుంది.

దీని జీవితం వింటే సృష్టికర్త ఏర్పాటుకు ఆశ్చర్యం కలుగుతుంది. గుడ్డులోని పిల్లపురుగు మట్టిలో నిద్రిస్తూ ఉంటుంది. సమీపంలో బంగాళాదుంప నాటగానే దాని వేళ్ళ నుండి ఊరే కొన్ని రసాయనాలు మట్టిలోకి దిగుతాయి. ఆ కబురు అందిన పిల్లపురుగులు మేల్కొని గుడ్డు చీల్చుకుని బయటికి వస్తాయి. ఒక్కొక్కటి అర మిల్లీమీటరు పొడవు కూడా ఉండదు. నోటిలో సూది వంటి ముల్లు ఉంటుంది. దానితో వేరును పొడిచి లోపలికి ప్రవేశించి, ఒకచోట స్థిరపడి, చుట్టూ ఉన్న కణాలను కలగలిపి తన కోసం ఒక వంటశాలను కట్టించుకుంటుంది. మొక్క దుంపకు చేర్చవలసిన ఆహారం ఈ వంటశాలకు మళ్ళుతుంది. ఆహారం సమృద్ధిగా దొరికినవి ఆడపురుగులుగా ఎదుగుతాయి. రద్దీ ఎక్కువై తిండి చాలనప్పుడు మగవాటి సంఖ్య పెరుగుతుంది.

ఆడపురుగు ఉబ్బి గుండ్రనై వేరు పైపొరను చీల్చుకుని బయటికి పొడుచుకు వస్తుంది. పూత దశలో మొక్కను మెల్లగా పెకలించి చూస్తే గుండుసూది తలకన్నా చిన్నవైన తెల్లని, పసుపుపచ్చని పూసలు వేళ్ళకు గుచ్చినట్లు కనిపిస్తాయి. అది చనిపోయినప్పుడు దాని చర్మమే గట్టిపడి గోధుమరంగు తిత్తిగా మారుతుంది. ఆ తిత్తిలో వందల కొద్దీ, కొన్నిసార్లు 500 వరకు గుడ్లుంటాయి. తల్లి దేహమే పిల్లల పెట్టె అవుతుంది. ఆ పెట్టె ఎండకు ఎండి, చలికి వణికి, పంట లేని నేలలో 20 సంవత్సరాలకు పైగా ప్రాణంతో వేచి ఉండగలదు. తాత చేసిన పొరపాటుకు మనుమడి పంట మూల్యం చెల్లించడమంటే ఇదే.

దిగుబడి ఎందుకు పడిపోతుంది? వేళ్ళు దెబ్బతిన్న మొక్క నీటినీ పోషకాలనూ సరిగా తీసుకోలేదు. ఆకులు తగ్గుతాయి, ఆకులు తగ్గితే ఎండను పట్టి పిండిపదార్థం చేసే శక్తి తగ్గుతుంది, అది తగ్గితే దుంపలు చిన్నవై సంఖ్య కూడా తగ్గుతుంది. నేలలో పురుగు పలుచగా ఉన్నప్పుడు నష్టం కంటికి కనిపించదు. అందుకే మొదటి కొన్నేళ్ళు ఎవరికీ అనుమానం రాదు. ఐరోపాలో బంగాళాదుంప పంటలో దాదాపు 9 శాతం ఈ పురుగుల పాలవుతున్నదని ఒక అంచనా. పురుగు బాగా ముదిరిన పొలంలో నాటిన విత్తనమంత బరువు కూడా చేతికి రాని సందర్భాలున్నాయి. పుట్టెడు ఆశతో విత్తినవాడు గుప్పెడు దుంపలతో ఇల్లు చేరడం ఎంతటి దుఃఖమో వ్యవసాయం తెలిసిన ఇళ్ళకు చెప్పనక్కరలేదు.

కాళ్ళు లేని పురుగు ఖండాలు దాటిన వైనం

ఈ పురుగు తనంతట తాను ఏడాదిలో కదిలేది ఎంతో దూరం కాదు. అయినా అది భూగోళమంతా తిరిగింది. ఎలా? మనిషి చేతుల మీదుగా.

దీని జన్మస్థలం దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలు. బంగాళాదుంప పుట్టినిల్లూ అదే. అక్కడి రైతులు ఒక పొలంలో దుంప పండించిన తరువాత దానిని అనేక సంవత్సరాలు బీడుగా విడిచే ఆచారం పాటించారు. పురుగుతో పాటు ఓర్పు కూడా ఆ కొండలలో పెరిగింది. 1845 తరువాత ఐరోపాలో ఆకుమాడు తెగులు బంగాళాదుంపను సర్వనాశనం చేసి ఐర్లండ్‌ను ఆకలికి గురి చేసింది. తెగులును తట్టుకునే రకాల కోసం దక్షిణ అమెరికా నుండి దుంపలు తెప్పించారు. వాటికి అంటిన మట్టితోనే ఈ తిత్తులు ఐరోపాకు చేరాయని శాస్త్రవేత్తల అభిప్రాయం. ఒక విపత్తుకు మందు వెదుకుతూ మరొక విపత్తును ఓడ ఎక్కించుకున్నారు. 1923లో వోలెన్‌వేబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీనిని ప్రత్యేక జాతిగా వర్ణించాడు. రోస్టాక్ నగరం పేరు దాని శాస్త్రీయ నామంలో నిలిచిపోయింది.

1941లో అమెరికాలోని న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో ఇది బయటపడింది. అక్కడి ప్రభుత్వం ఆ ప్రాంతానికి కట్టడి విధించింది. పొలాల నుండి బయటికి వెళ్ళే యంత్రాలను కడిగించడం, సంచులనూ దుంపలనూ నియంత్రించడం, తట్టుకునే రకాలను పంటమార్పిడిలో వేయించడం దశాబ్దాల తరబడి సాగించారు. ఫలితంగా అంత పెద్ద దేశంలో బంగారు నులిపురుగు విచ్చలవిడిగా వ్యాపించకుండా ఆగింది.

మన దేశంలో 1961లో ఎఫ్.జి.డబ్ల్యు. జోన్స్ అనే బ్రిటన్ శాస్త్రవేత్త నీలగిరి కొండలలో ఉదకమండలం దగ్గరి విజయనగరం పొలంలో దీనిని గుర్తించాడు. నీలగిరుల చల్లని వాతావరణం దీనికి పుట్టింటిలా అమరింది. ఏడాదిలో ఒకటికి మించిన కారులలో, అదే నేలలో, మళ్ళీ మళ్ళీ దుంపే వేయడం దీనికి నిత్యం విందు పెట్టినట్లయింది. 1971లో నీలగిరి విత్తన దుంపలు ఇతర ప్రాంతాలకు తరలకుండా ప్రభుత్వం ఆంక్షలు విధించింది. 2018లో హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్, జమ్ము కాశ్మీర్ కొండలలోనూ ఇది ఉన్నట్లు తేలి, అక్కడి విత్తన దుంపల తరలింపుపైన కూడా నిషేధం వచ్చింది. దేశానికి మేలైన విత్తనం ఇచ్చే కొండలే అవి. ఏళ్ళ తరబడి విత్తనం అమ్ముకుని బ్రతికిన రైతు ఒక్క ఉత్తర్వుతో తన దుంపను విత్తనమని అమ్ముకోలేని స్థితికి వచ్చాడు. ఆ మాట మళ్ళీ తలచుకుంటాము.

మన నేలల సంగతి

తిత్తి నులిపురుగుకు చల్లని నేల కావాలి. మన మైదానాల వేడిమి దానికి అంతగా సరిపడదు. అలాగని మనము నిశ్చింతగా ఉండలేము. మన నేలలలో దాని దాయాది ఉంది. అది వేరుబుడిపె నులిపురుగు. వెచ్చని నేలే దానికి ఇష్టం. నెల తిరిగేసరికి ఒక తరం పూర్తి చేసుకుంటుంది. ఒక్కొక్క ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది. బంగాళాదుంప ఒక్కటే కాదు; టమాటా, వంగ, బెండ, దోస జాతులు, తోటలలో దానిమ్మ, జామ కూడా దీని వాత పడుతున్నాయి. దుంపల పైన ఇది పులిపిరుల వంటి బుడిపెలు కలిగిస్తుంది. వేళ్ళకు చేసిన గాయాల గుండా వాడు తెగులు కలిగించే బాక్టీరియా సులువుగా లోపలికి చొరబడుతుంది.

పొలానికి వెళ్ళే పిల్లలకు ఒక తేడా చెప్పాలి. వేరుసెనగ, పెసర, అలసంద వేళ్ళకు కూడా బొడిపెలుంటాయి. అవి అల్లాహ్ ప్రసాదించిన ఎరువు కర్మాగారాలు. గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయి. అవి వేరు ప్రక్కన అతికించినట్లుండి వ్రేలితో అంటే రాలిపోతాయి. చిదిపితే లోపల లేత ఎరుపు కనిపిస్తుంది. నులిపురుగు బుడిపె అలా కాదు. వేరే ఉబ్బిపోయి ఉంటుంది. తీయాలంటే వేరు తెగవలసిందే. చూడటానికి రెండూ బుడిపెలే. ఒకటి వరం, ఒకటి వ్యాధి.

జహీరాబాద్ ప్రాంతంలో శీతకాలంలో ఆలుగడ్డ పండిస్తారు. విత్తనం చాలా భాగం ఉత్తరాది నుండి లారీలలో వస్తుంది. చిత్తూరు జిల్లా పడమటి మండలాలలోనూ దుంప సాగు ఉంది. ఎక్కడి విత్తనమో, ఎక్కడి మట్టో మన నేలలోకి దిగుతున్నది. కనుక ఇది ఎక్కడో కొండల కథ అనుకోవడానికి వీలులేదు.

ఒక తండ్రి అడిగిన ప్రశ్న

మా వద్ద చదువుకునే ఒక విద్యార్థి తండ్రి కొన్నాళ్ళ క్రిందట వచ్చి, "మౌల్వీసాబ్, మా చేనులో దుంపలకు బుడిపెలు వచ్చినయి. తినేటందుకు అమ్మొచ్చా? మంచివి ఏరి పక్కోళ్ళకు విత్తనానికి ఇయ్యొచ్చా? చెప్పి అమ్మితే ఎవ్వరూ కొనరు. చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు" అని అడిగారు. ఆయన గొంతులో భయమూ ఉంది, అప్పుల భారమూ ఉంది. ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు కనుక జవాబును ఇక్కడ వివరంగా వ్రాస్తున్నాము.

మొదటిది, తినడానికి అమ్మడం. మొక్కల నులిపురుగు మనిషికి సోకదు. బుడిపెలున్న దుంప చూపుకు బాగుండదు, చెక్కు ఎక్కువ తీయాలి, నిలువ తక్కువ ఉండవచ్చు. అది విషం కాదు, హరామ్ కాదు. లోపం చూపించి, దానికి తగిన ధరకు అమ్మితే ఆ సొమ్ము హలాల్. లోపమున్నవి బస్తా అడుగున పోసి, నునుపైనవి పైన పేర్చి అమ్మితే అది మోసం. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిందనీ, వాన పడి తడిసిందని యజమాని చెప్పగా, ఆ తడిసిన భాగాన్ని ప్రజలకు కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని నిలదీసి, మోసగించేవాడికి తమతో సంబంధం లేదని హెచ్చరించారనీ సహీహ్ ముస్లింలోని ఉల్లేఖనం తెలుపుతుంది. గమనించండి. వాన కురియడం ఆ వ్యాపారి తప్పు కాదు. పురుగు పట్టడం కూడా రైతు తప్పు కాదు. దాచడం మాత్రమే తప్పు.

ఫిఖ్హ్ పండితులు ఈ పునాది మీదనే లోపం బయటపడినప్పుడు సరుకును తిప్పి ఇచ్చే హక్కును కొనుగోలుదారుకు ఇచ్చారు. కూఫాలో పట్టు వస్త్రాల వ్యాపారం చేసిన ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) ఒక వస్త్రంలో లోపముందని, అది చెప్పి అమ్మమని తన భాగస్వామికి చెప్పారట. ఆయన మరచి అమ్మివేశారు. కొన్నవారి జాడ తెలియలేదు. ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన మొత్తాన్ని దానం చేసివేశారని చరిత్రకారులు వ్రాశారు. ఒక్క వస్త్రంలోని లోపానికే ఆ మహనీయుడు అంత కలత చెందాడు.

రెండవది, విత్తనంగా ఇవ్వడం. ఇక్కడ విషయం మరింత కఠినం. తినే దుంపలోని లోపం కొన్నవారితో ఆగిపోతుంది. విత్తనంలోని లోపం కొన్నవారి పొలానికి, అక్కడి నుండి నీటి కాలువ వెంట, నాగలి వెంట, అద్దె ట్రాక్టరు చక్రాల వెంట పొరుగు పొలానికి పోతుంది. పొరుగువాడు ఈ బేరంలో లేడు. లోపం వినలేదు, ఒప్పుకోలేదు. అతనికి నష్టం కలిగించే హక్కు అమ్మినవారికీ లేదు, కొన్నవారికీ లేదు. తాను నష్టపోరాదు, ఇతరులకు నష్టం కలిగించరాదు అనేది ప్రవక్త (సఅసం) బోధ నుండి వచ్చిన షరీఅత్ మూలసూత్రం. కాబట్టి లోపం చెప్పి అమ్మినా సరే, పురుగు పట్టిన చేని దుంపను విత్తనానికి ఇవ్వకూడదని ఆయనకు చెప్పాము. మంచివి ఏరి ఇస్తానన్నా కుదరదు. పురుగు పైకి నునుపుగా కనిపించే దుంపలోనూ, దాని చర్మాన్ని అంటిన మట్టిలోనూ ఉండగలదు.

మూడవది ఆయన అడగలేదు, మేమే చెప్పాము. పొలాన్ని కౌలుకు ఇచ్చేటప్పుడు కూడా ఆ నేలలో పురుగు ఉన్న సంగతి చెప్పాలి. కౌలుదారు పెట్టుబడి పెట్టేది మీ మాట మీద నమ్మకంతోనే.

హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) మద్‌యన్ ప్రజలకు ఇచ్చిన సందేశాన్ని ఖుర్ఆన్ అల్ ఆరాఫ్ సూరాలో ప్రస్తావించింది. కొలతలు తూనికలు సరిగా ఉంచమనే మాటా, చక్కబడిన భూమిలో చెడుగును వ్యాపింపజేయవద్దనే మాటా అక్కడ ఒకేచోట వచ్చాయి. బజారులోని అవినీతికీ భూమి పాడవడానికీ ఉన్న సంబంధాన్ని ఈ విత్తన బస్తా ఎంత తేటగా చూపుతున్నదో ఆలోచించండి.

కట్టడి శిక్ష కాదు

నీలగిరులకూ, హిమాలయాల కొండలకూ విధించిన విత్తన నిషేధం కఠినమని కొందరు అంటారు. మన ధర్మంలో దీనికి పూర్వ నిదర్శనముంది. జబ్బుపడిన ఒంటెల యజమాని వాటిని ఆరోగ్యంగా ఉన్న ఒంటెల దగ్గరికి నీళ్ళకు తోలుకు రాకూడదని ప్రవక్త (సఅసం) ఆదేశించారు. హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) సిరియాకు పయనమై సర్గ్ అనే చోటికి చేరేసరికి ముందున్న ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని తెలిసింది. ఆయన ముహాజిర్లనూ అన్సార్లనూ ఖురైషు పెద్దలనూ విడివిడిగా సంప్రదించి వెనుదిరగాలని నిశ్చయించారు. అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ నిర్ణయం నుండి అల్లాహ్ నిర్ణయం వైపే వెళుతున్నామని ఉమర్ (రజి) జవాబిచ్చారు. లోయలో ఒక వైపు పచ్చిక, మరొక వైపు బీడు ఉంటే ఒంటెలను ఎక్కడ మేపినా అల్లాహ్ నిర్ణయం మేరకే కదా అని పోలిక కూడా చెప్పారు. ఇంతలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, వ్యాధి ఉన్న చోటికి వెళ్ళవద్దనీ, ఉన్నచోట నుండి పారిపోయి బయటికి రావద్దనీ ప్రవక్త (సఅసం) చెప్పగా తాను విన్నానని తెలిపారు. ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించి మరలిపోయారు.

తవక్కుల్ అంటే చేతులు ముడుచుకోవడం కాదని ఈ సంఘటన నేర్పుతుంది. పురుగు పట్టిన దుంప చేను దాటి పోకుండా ఆపడం కూడా ఈ బోధకు దూరమైనది కాదు.

అయితే ఇందులో మనము మరచిపోయే భాగం ఒకటి ఉంది. కట్టడిలో ఉన్నవాడు అందరి మేలు కోసం ఒంటరిగా నష్టాన్ని మోస్తున్నాడు. నిజం చెప్పిన రైతు బస్తా అమ్ముడుపోక, దాచినవాడి బస్తా పోతే, రెండవ ఏడు ఎవరు నిజం చెబుతారు? నిజాయితీని రైతు ఒక్కడి నెత్తిన పెట్టి మిగిలినవారు చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. చెప్పి అమ్మేవాడి దగ్గర కొనడం, బుడిపె ఉన్న దుంపను తగిన ధరకు తీసుకోవడం, పంట మార్చడానికి పెట్టుబడి లేని సోదరుడికి ఖర్జె హసన ఇవ్వడం, అప్పులలో మునిగినవాడిని జకాత్ హక్కుదారులలో గుర్తించడం జమాఅత్ చేయవలసిన పనులు. మా దగ్గరికి వచ్చిన ఆ తండ్రికి కూడా మస్జిద్ పెద్దలు కొందరు కలిసి మరుసటి పంటకు విత్తనాల ఖర్చు సర్దారు. ఫత్వా చెప్పడం సులువు. దానిని ఆచరించడానికి దారి కూడా చూపాలి.

ఏమి చేయాలి?

వ్యవసాయ నిపుణులు చెప్పే విధానాలలో ముఖ్యమైనవి పొందుపరుస్తున్నాము.

శుభ్రమైన విత్తనం మొదటి కాపు. ధ్రువీకరించిన విత్తనమే కొనాలి. ఊరు పేరు తెలియని బస్తా చవక అని తీసుకోకూడదు. పనిముట్లకూ, ట్రాక్టరు చక్రాలకూ, చెప్పులకూ అంటిన మట్టిని ఒక పొలం దాటి మరో పొలంలోకి వెళ్ళే ముందే వదిలించాలి.

పంట మార్పిడి రెండవది. తిత్తి నులిపురుగుకు బంగాళాదుంప కుటుంబమే తిండి. అందుకే నీలగిరులలో మూడు నాలుగేళ్ళు క్యాబేజి, క్యారెట్, వెల్లుల్లి వంటివి వేయమంటారు. మేల్కొన్న పురుగుకు తిండి దొరకదు, గుడ్ల సంఖ్య క్రమంగా తగ్గుతుంది. మన వేరుబుడిపె పురుగు తిండి జాబితా పెద్దది కనుక మార్పిడి పంటను ఎంచేటప్పుడు జాగ్రత్త కావాలి. దుంప తరువాత టమాటా, టమాటా తరువాత వంగ వేస్తే పేరు మారుతుందే కాని పురుగుకు విందు ఆగదు. నీరు నిలిపి పండించే వరి, పొలంలో బంతి సాగు దీనిని తగ్గిస్తాయి. వేసవిలో లోతు దుక్కి చేసి మట్టిని ఎండకు విప్పడం, వేపపిండి వేయడం, పంట తీసిన తరువాత బుడిపెలున్న వేళ్ళను ఏరి కాల్చడం మన పెద్దలకు తెలిసిన పనులే.

తట్టుకునే రకాలు మూడవది. సిమ్లాలోని కేంద్రీయ బంగాళాదుంప పరిశోధన సంస్థ నీలగిరుల కోసం 1985లో కుఫ్రి స్వర్ణ అనే రకాన్ని విడుదల చేసింది. అది రెండు తిత్తి నులిపురుగులనూ తట్టుకుంటుంది. అయితే ఏ ఒక్క మందుతోనూ పని ముగియదు. బ్రిటన్‌లో 1966లో వచ్చిన మేరిస్ పైపర్ అనే రకం బంగారు నులిపురుగును తట్టుకుంది. దానిని విస్తారంగా పండించారు. బంగారు పురుగు తగ్గింది, దాని స్థానంలో తెల్ల పురుగు పెరిగింది. ఒకే ఉపాయం మీద భారమంతా వేసి నిద్రపోయేవారికి ఇది హెచ్చరిక.

ఇక విష గుళికలు. కొన్ని పురుగును చంపుతాయి. వాటితో పాటు నేలలోని మేలు చేసే జీవులను కూడా. కూలి తల్లి చేతులకు, బావి నీటికి ఆ విషం చేరుతుంది. నిపుణుల సలహా లేకుండా, మోతాదు దాటి వాడడం తన పొలం పేరుతో ఇతరుల ప్రాణంతో చెలగాటమాడడమే. ముందు మట్టి, వేరు నమూనాలను దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించాలి. నలుగురికి తెలిస్తే పరువు పోతుందని దాచడం రోగి వైద్యుడి దగ్గర రోగం దాచడం వంటిది.

ఇంట్లో ఉండే అక్కాచెల్లెళ్ళకు కూడా ఇందులో పాత్ర ఉంది. బుడిపెలున్న దుంపల తొక్కలనూ, వాటిని కడిగిన మట్టినీళ్ళనూ పెరటి కూరగాయల మడిలో పారబోయకండి. మొలకెత్తిన అంగడి దుంపను పెరటిలో సరదాకు నాటకండి. పిల్లలను వెంటబెట్టుకుని ఒక మొక్కను పెకలించి వేళ్ళు చూపండి. మృత భూమిని వానతో బ్రతికించడాన్ని ఖుర్ఆన్ ఎన్నోచోట్ల సూచనగా చూపింది. ఆ సూచనను చదవడానికి కళ్ళు మట్టి మీద కూడా పెట్టాలి. 12వ శతాబ్దంలో సేవిల్‌లో జీవించిన ఇబ్ను అల్ అవ్వామ్ తన వ్యవసాయ గ్రంథాన్ని నేలల పరిశీలనతో మొదలుపెట్టాడు. మన పూర్వులకు మట్టి చదవడం కూడా ఒక విద్యే.

నేల మన సొత్తు కాదు. మన తరువాత వచ్చేవారికి అప్పగించవలసిన అమానత్. ఈ రోజు దాచి అమ్మిన బస్తా సొమ్ము నెల తిరగక ముందే ఖర్చయిపోతుంది. దానితో పోయిన తిత్తి ఇరవై ఏళ్ళు పొరుగువాడి పొలంలో వేచి ఉంటుంది. మనిషి చనిపోయిన తరువాత కూడా అతడు విడిచిన మేలు అతనికి పుణ్యం చేరుస్తూ ఉన్నట్లే, అతడు నాటి వెళ్ళిన కీడు కూడా అతని లెక్కలో చేరుతూ ఉంటుందని విద్వాంసులు హెచ్చరించారు. శుభ్రమైన విత్తనం ఇచ్చినవాడు, నష్టమైనా నిజం చెప్పినవాడు, తన చేని పురుగును తన చేనులోనే ఆపినవాడు పొరుగువాడి ప్రతి పంటలోనూ సదఖా వాటా ఆశించవచ్చు.

అల్లాహ్ మన రైతుల కష్టంలో బర్కత్ ప్రసాదించుగాక. మన కొలతలనూ, మాటలనూ, నేలలనూ చెడు నుండి కాపాడుగాక. అప్పులలో ఉన్నవారికి దారి చూపుగాక. ఆమీన్.